ముందు గుహకు వెళ్ళవలసింది

ప్రాచీన గ్రీకు కవి సోఫోక్లీస్ రాసిన ‘ఆంటిగొనీ’ నాటకం ముగింపుకు వస్తుండగా ఒక వార్తాహరుడు రంగం మీదికి వచ్చి, తెర వెనుక జరిగినదంతా వరుసగా చెబుతాడు. రాజు క్రియోన్ పరివారాన్ని వెంటబెట్టుకుని బయలుదేరాడనీ, మైదానం చివరి అంచున కుక్కలు చీల్చిన మేనల్లుడు పొలినైకీస్ శవం దగ్గరికి వెళ్ళి, కూడళ్ళ దేవతకూ పాతాళ ప్రభువుకూ మొక్కి, మిగిలిన అవశేషాలను కడిగి, అప్పటికప్పుడు విరిచిన పచ్చికొమ్మలతో దహనం చేసి, సొంతగడ్డ మట్టితో ఎత్తైన దిబ్బ పోశాడనీ, ఆ పని పూర్తయ్యాకనే మేనకోడలు ఆంటిగొనీని సజీవంగా మూసి ఉంచిన రాతిగుహ వైపు నడిచాడనీ అతను చెబుతాడు. ఈ వరుస గురించి అతను ఒక్క మాట కూడా వ్యాఖ్యానించడు. నాటకంలో మరెవ్వరూ వ్యాఖ్యానించరు. కానీ కొద్దిసేపటి క్రితమే నగర పెద్దల బృందం రాజుకు ఇచ్చిన సలహా వరుస వేరు. “వెళ్ళి ఆ పిల్లను గుహలోంచి విడిపించండి, బయట పడి ఉన్నవాడికి సమాధి కట్టండి” అని వాళ్ళు చెప్పారు. పిల్ల ముందు, శవం తరువాత. క్రియోన్ ఆ వరుసను తిరగేశాడు.

డిగ్రీ చదివే రోజుల్లో ఇంగ్లీషు అనువాదంలో ఈ నాటకాన్ని మొదటిసారి చదివినప్పుడు నేను ఈ సంగతి గమనించలేదు. ఆ వయసులో ఆంటిగొనీ ఎదురు సమాధానాలు తప్ప ఇంకేమీ నా చెవికెక్కలేదు. ఆ తరువాత చాలా ఏళ్ళకు, నా ఉద్యోగంలో జరిగిన ఒక పొరపాటు తరువాత మళ్ళీ తీసి చదివితే, మొత్తం నాటకం ఆ రెండు పనుల వరుస మీదనే నిలబడి ఉన్నట్టు నాకు కనిపించింది. క్రియోన్ అహంకారి, అందుకు దేవతలు శిక్షించారు, చివరికి బుద్ధి తెచ్చుకున్నాడు, అప్పటికే చేతులు కాలాయి అని మనం సాధారణంగా చెప్పుకునే మాటలో నిజం కొంతే ఉంది. ఆలస్యం ఒక్కటే అతని నేరమైతే ఈ కథ నన్ను ఇంతగా పట్టి ఉంచేది కాదు. క్రియోన్ వంగాడు, నిజంగానే వంగాడు. అయితే ముందుగా ఎవరి ఎదుట వంగాడు అన్న దగ్గర అతని గర్వం చెక్కుచెదరకుండా మిగిలిపోయిందని నా వాదన.

కథ తెలియనివారి కోసం కొద్దిగా చెబుతాను. థీబ్స్ పాత రాజు ఈడిపస్ కొడుకులు ఎటియోక్లీస్, పొలినైకీస్ రాజ్యం కోసం తగవుపడ్డారు. పొలినైకీస్ మరో నగరమైన ఆర్గోస్ సైన్యాన్ని తీసుకుని ఏడు ద్వారాల థీబ్స్ నగరం మీదికి దండెత్తి వచ్చాడు. అన్నదమ్ములిద్దరూ ఒకరి చేతిలో ఒకరు చనిపోయారు. వాళ్ళ మేనమామ క్రియోన్ రాజయ్యాడు. నగరం కోసం పోరాడిన ఎటియోక్లీస్‌కు సకల లాంఛనాలతో అంత్యక్రియలు జరగాలనీ, నగరాన్ని తగలబెట్టడానికి వచ్చిన పొలినైకీస్‌కు ఎవరూ మట్టి ఇవ్వకూడదనీ, ఏడవను కూడా ఏడవకూడదనీ చాటింపు వేయించాడు. చెల్లెలు ఆంటిగొనీ అన్న శవం మీద మట్టి చల్లి దొరికిపోయింది. ఆమెను చేసుకోబోయేవాడు క్రియోన్ కొడుకు హేమోన్. మన వరసల్లో చెప్పాలంటే ఆమెకు స్వయానా మేనబావ. అంటే ఆ సింహాసనం ముందు నిలబడ్డ అమ్మాయి రాజుకు నేరస్థురాలు, మేనకోడలు, కాబోయే కోడలు, ముగ్గురూ ఒక్కరే. తెలుగు ఇళ్ళల్లో పుట్టినవాళ్ళకు ఈ ముడి బిగువు వేరే చెప్పనక్కరలేదు.

నాటకానికి పేరు ఆమెది. కానీ 1353 పంక్తులున్న నాటకంలో 943వ పంక్తి దగ్గర ఆమె గుహకు వెళ్ళిపోతుంది, మళ్ళీ కనిపించదు. మిగిలిన నాలుగు వందల పైచిలుకు పంక్తుల్లో కూలిపోయేది క్రియోన్. అరిస్టాటిల్ చెప్పిన విషాద నాయకుడి లక్షణం, అంటే మరీ సాధువూ మరీ దుర్మార్గుడూ కాకుండా ఏదో ఒక పొరపాటు వల్ల ఉన్నతస్థితి నుంచి పడిపోయేవాడు అన్నది, ఈ నాటకంలో ఆమె కంటే అతనికే ఎక్కువగా సరిపోతుంది. ఆంటిగొనీకి గర్వం లేదని కాదు. నీ మొండి పట్టుదలే నిన్ను చంపిందని పెద్దల బృందం ఆమె ముఖం మీదే అంటుంది. అయితే ఆమె మొదటి మాట దగ్గర ఎలా ఉందో చివరి మాట దగ్గరా దాదాపు అలాగే ఉంది. విరిగి ముక్కలయ్యేవాడు క్రియోనే.

క్రియోన్‌కు న్యాయం చేయకుండా ఈ వాదన సాగదు. అతని మొదటి ప్రసంగం దుర్మార్గుడి ప్రసంగం కానే కాదు. అధికారం చేపట్టి చట్టాలతో నలిగేదాకా ఏ మనిషి మనసూ బుద్ధీ మనకు తెలియవనీ, మంచి సలహా తోచినా భయంతో నోరు కట్టేసుకునేవాడు అందరికంటే నీచుడనీ, దేశం కంటే తన స్నేహితుడిని ఎక్కువగా చూసేవాడిని తాను లెక్కలోకే తీసుకోననీ, మనందరినీ మోస్తున్న ఓడ ఈ నగరమేననీ అతను అంటాడు. ఈ మాటలకు ఏథెన్స్‌లో ఎంత గౌరవం ఉండేదంటే, క్రీ.పూ. 343లో ప్రసిద్ధ వక్త డెమాస్థనీస్ తన ప్రత్యర్థి ఎస్కినీస్ మీద రాయబారంలో ద్రోహం చేశాడన్న అభియోగం మోపినప్పుడు, ఈ పంక్తులనే న్యాయసభలో చదివించాడు. ఎస్కినీస్ ఒకప్పుడు నటుడు, క్రియోన్ వేషం వేసినవాడు. ఆ వేషంలో ఎన్నోసార్లు పలికిన ఈ నీతి నీ జీవితంలో ఎందుకు గుర్తు రాలేదని డెమాస్థనీస్ అడిగాడు. నాటకం పుట్టిన సుమారు వందేళ్ళకు ఒక దేశభక్తుడు తన మాటలుగా వాడుకోగలిగినంత మంచి మాటలు అవి.

సోఫోక్లీస్ కూడా పాలన తెలియని కవి కాడు. నాటకం విజయం పొందడం వల్లనే ఆయన్ను సామోస్ ద్వీపం మీది యుద్ధానికి సేనానిగా ఎన్నుకున్నారని ఒక ప్రాచీన పీఠిక చెబుతుంది. ఆ కారణం ఎంతవరకు నమ్మదగినదైనా, ఏథెన్స్ నాయకుడు పెరిక్లీస్‌తో పాటు ఆయన ఆ పదవిలో పనిచేసిన మాట వాస్తవం. నాటకం కాలం సుమారు క్రీ.పూ. 441 అని లెక్క కట్టడానికి ఆధారం కూడా అదే. నాటకం మొదట్లోనే ఆంటిగొనీ క్రియోన్‌ను రాజు అనకుండా సేనాని అంటుంది. ఆ మాట విన్న ప్రేక్షకులు తాము ఏటేటా చేతులెత్తి ఎన్నుకునే పదిమంది సేనానులను తలచుకోకుండా ఉండరు. దేశద్రోహులకు ఏథెన్స్ రాజ్యమైన అట్టికా నేలలో సమాధి ఉండకూడదన్నది వాళ్ళ చట్టం కూడా. ద్రోహి ముద్రతో పరాయి గడ్డ మీద చనిపోయిన ఏథెన్స్ సేనాని థెమిస్టోక్లీస్ ఎముకలను బంధువులు రహస్యంగా తెచ్చి పాతిపెట్టారని ఒక కథ ప్రచారంలో ఉండేది. కాబట్టి క్రియోన్ చాటింపులో సగం వాళ్ళకు కొత్త కాదు. సరిహద్దు దాటించి ఎవరో ఒకరు పూడ్చుకునే వీలు కూడా లేకుండా, శవానికి కాపలా పెట్టి మరీ కుక్కలకు వదిలేయడం మాత్రం వాళ్ళు ఎరగని సంగతి.

అయినా ఆ చాటింపు వెనక ఒక సూత్రం ఉంది, అది చిన్న సూత్రం కాదు. మేనల్లుడైనా సరే, మేనకోడలైనా సరే, చట్టం ముందు నా ఇంటివాళ్ళు, బయటివాళ్ళు అన్న తేడా లేదు. రక్తసంబంధంలో ఆమె నా ఇంట్లో అందరికంటే దగ్గరిదైనా తప్పించుకోలేదని అతను అంటాడు. బంధుప్రీతితో కుళ్ళిపోయిన పాలనలను రోజూ చూస్తున్న మనం ఈ మాటను తేలికగా కొట్టిపారేయకూడదు. క్రియోన్ పతనం గురించి మాట్లాడేటప్పుడు నాకు బాధ కలిగేది ఇక్కడే. అతను చెడ్డ సూత్రంతో మొదలుపెట్టి చెడిపోలేదు. మంచి సూత్రాన్ని తన పరువుతో కలిపి ముడివేసుకుని, ఆ ముడి ఎక్కడ పడిందో తనకే తెలియక చెడిపోయాడు.

ఆ ముడి ఎక్కడ పడిందో నాటకం చూపిస్తుంది. కాపలావాడు ఆంటిగొనీని పట్టుకొచ్చినప్పుడు ఆమె దాచుకోదు. ఆ చాటింపు వేయించినది దేవతల రాజు జూస్ కాదనీ, పాతాళ దేవతల సరసన నివసించే న్యాయదేవత మనుషుల కోసం అలాంటి చట్టాలు పెట్టలేదనీ, రాతలో లేకపోయినా చెరగని దేవతల ధర్మాలను ఒక మనిషి చాటింపు దాటిపోలేదనీ చెబుతుంది. క్రియోన్ దీనికి సమాధానం చెప్పడు. ఆమె చేసిన పని ఒక తప్పు, చేసి గొప్పగా చెప్పుకోవడం రెండో తప్పు అంటాడు. ఆ వెంటనే, ఈ గెలుపు ఆమెకు శిక్ష లేకుండా దక్కితే ఇక్కడ మగాడు నేను కాదు, ఆమె అంటాడు. గమనించండి, అంతవరకు నగరం, ఓడ, చట్టం అని మాట్లాడిన మనిషి ఈ ఒక్క వాక్యంలో ‘నేను’ దగ్గరికి దిగివచ్చాడు. ఇక్కడి నుంచి వెనక్కి తగ్గితే ఓడిపోయేది నగరం కాదు, తాను. ఆ తరువాత కొడుకుతో మాట్లాడుతూ, నగరం ఎవరిని నియమించిందో వారి మాట చిన్న విషయాల్లోనైనా, న్యాయమైన వాటిలోనైనా, వాటికి విరుద్ధమైన వాటిలోనైనా వినవలసిందే అని కూడా అంటాడు. న్యాయానికి విరుద్ధమైన ఆజ్ఞను కూడా పాటించాలని తన నోటితోనే ఒప్పుకున్నవాడి దగ్గర న్యాయం అన్న మాటకు ఏం మిగిలింది?

ఇక్కడ ఒక మాట గురించి ఆగాలి. గ్రీకు నాటకాల గురించి మాట్లాడేవాళ్ళందరూ ‘హూబ్రిస్’ అనే మాట వాడతారు, దానికి గర్వం అని అర్థం చెబుతారు. ఏథెన్స్‌లో అది మనసులో ఉండే ఒక గుణం పేరు మాత్రమే కాదు, న్యాయస్థానంలో దావా వేయదగిన నేరం పేరు. తనకు ఏ లాభమూ లేకపోయినా, ఎదుటివాడు సిగ్గుతో తలదించుకునేలా చేసి, ఆ సంతోషం కోసమే అవమానించడం అని అరిస్టాటిల్ దానిని నిర్వచించాడు. విచిత్రమేమిటంటే ఆ మాటను క్రియోన్ ఆంటిగొనీ మీద ప్రయోగిస్తాడు. చచ్చిన శత్రువును కుక్కలకు వేయించినవాడు, అన్న మీద పిడికెడు మట్టి చల్లిన పిల్లను హూబ్రిస్ చేసిందంటాడు. మనకు తెలుగులో పొగరు, దర్పం, అహంకారం, గర్వం అని రకరకాల మాటలున్నాయి, అన్నిటినీ మించి ‘అభిమానం’ అనే మాట ఉంది. ప్రేమకూ అదే మాట, పరువుకూ అదే మాట. అవసరం వచ్చి ఒకరి గడప తొక్కవలసి వస్తే అభిమానం చంపుకుని వెళ్ళాను అంటాం. క్రియోన్‌కు సరిపోయే మాట అదే. అతనిలో చచ్చిపోవలసింది ఆ అభిమానం.

హేమోన్ ఆ పనిని ఎంత మృదువుగా చేయించబోతాడో చూస్తే, ప్రపంచ నాటకాల్లో తండ్రీకొడుకుల సంభాషణలు ఇంత బాగా రాసినవి తక్కువని నాకనిపిస్తుంది. అతను వచ్చీరాగానే, నాన్నా, నేను మీవాడిని అంటాడు. ఆ పిల్ల కోసం నగరం చీకట్లో గొణుగుతోందనీ, ఇంత గొప్ప పనికి ఆమెకు బంగారు గౌరవం దక్కాలంటున్నారనీ, మీ చూపుకు భయపడి ఎవరూ మీ ముందు అనలేకపోతున్నారనీ చెబుతాడు. భయంతో నోరు కట్టేసుకునేవాడు నీచుడని మొదటి ప్రసంగంలో చెప్పిన రాజు, ఒక్క రోజు తిరగకుండానే నగరం నోరంతా కట్టేశాడన్న మాట. వరద వచ్చినప్పుడు ఒడ్డున వంగిన చెట్లు తమ రెమ్మలు దక్కించుకుంటాయి, ఎదురు నిలిచినవి వేళ్ళతో సహా కొట్టుకుపోతాయని కొడుకు అంటాడు. మొక్కై వంగనిది మానై వంగుతుందా అని మన సామెత అడుగుతుంది. హేమోన్ మాటలో ఆ సామెతలో లేని దయ ఉంది. మాను కూడా వంగవచ్చు, వంగితే బతుకుతుంది అని అతను నమ్ముతున్నాడు. ఈ వయసులో నేను ఇంత చిన్నవాడి దగ్గర బుద్ధి నేర్చుకోవాలా అని తండ్రి అడుగుతాడు. నా వయసు కాదు, నా మాట చూడండి అని కొడుకు బతిమాలుతాడు. మాటకు మాట పెరిగి, ఒక్కడికే చెందిన నగరం నగరమే కాదని కొడుకు అనేసరికి, నగరం పాలకుడిది కాక మరెవరిదని తండ్రి అంటాడు. ఎడారిలో ఒంటరిగా అయితే చక్కగా పాలించుకోగలరని కొడుకు చివరికి అంటాడు. ఆ మాటకు అప్పుడు ఎవరికీ తెలియని అర్థం ఒకటి ఉంది. నాటకం ముగిసేసరికి క్రియోన్ ఇల్లు నిజంగానే ఎడారి అయిపోతుంది.

కొడుకు వెళ్ళిపోయాక క్రియోన్ ఇచ్చే ఆజ్ఞను చాలామంది పాఠకులు వేగంగా దాటిపోతారు. చాటింపు ప్రకారం శిక్ష బహిరంగంగా రాళ్ళతో కొట్టి చంపడం. ఇప్పుడు దానిని మార్చి, మనుషులు తిరగని చోట రాతిగుహలో ఆమెను సజీవంగా మూసేయమంటాడు, నగరానికి మైల అంటకుండా ఉండేందుకు కావలసినంత అన్నం మాత్రం లోపల పెట్టమంటాడు. ఆ కాస్త అన్నం మీద నా మనసు ప్రతిసారీ ఆగిపోతుంది. అది ఆకలి తీర్చడానికి పెట్టిన అన్నం కాదు. మేము చంపలేదు, అన్నం కూడా పెట్టాము అని దేవతలకు లెక్క అప్పజెప్పడానికి పెట్టినది. క్రియోన్ దైవభక్తి లేనివాడు కాదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు. దేవతల ఖాతా ఎప్పుడూ సరిగ్గా ఉండాలని అతని తాపత్రయం. ఖాతాలో పేరు లేనిది గుహలో ఉన్న పిల్లకు.

ఈ అన్నం సంగతి గుర్తు పెట్టుకుని తైరేసియస్ దృశ్యానికి వెళితే, తరువాత జరిగేది అర్థమవుతుంది. గుడ్డి ప్రవక్త వచ్చి, పక్షులు పిచ్చెత్తినట్టు ఒకదానినొకటి చీల్చుకుంటున్నాయనీ, బలి మాంసం నిప్పు అంటుకోవడం లేదనీ, కుక్కలూ పక్షులూ మోసుకొచ్చిన ఆ శవం ముక్కలతో నగర బలిపీఠాలన్నీ మైలపడ్డాయనీ చెబుతాడు. “నాయనా, తప్పు చేయడం అందరికీ ఉన్నదే. చేసిన తప్పు దిద్దుకుని, అక్కడే బిగుసుకుపోకుండా ఉన్నవాడు తెలివితక్కువవాడు కాడు. చచ్చినవాడిని మళ్ళీ చంపడం ఏం పౌరుషం?” అని అడుగుతాడు. క్రియోన్ అతన్ని లంచగొండి అంటాడు. జూస్ గద్దలు ఆ మాంసాన్ని ఆయన సింహాసనం దాకా మోసుకెళ్ళినా సమాధి కానివ్వనంటాడు. అప్పుడు ప్రవక్త అసలు తీర్పు చెబుతాడు. పైన ఉండవలసిన ప్రాణాన్ని కింద సమాధిలో పెట్టావు, కింద ఉండవలసిన శవాన్ని పైన పెట్టావు, నీ కడుపున పుట్టినవాడే శవానికి బదులు శవమవుతాడు అని చెప్పి వెళ్ళిపోతాడు. తప్పులు రెండు, రెండూ పేర్కొన్నాడు, సజీవంగా ఉన్నదాన్ని ముందు పేర్కొన్నాడు.

అప్పుడు క్రియోన్ వణికిపోతాడు. లొంగడం భయంకరం, ఎదిరించి నా అభిమానాన్ని వినాశనానికి ఢీకొట్టడమూ భయంకరమే అంటాడు. ఏం చేయాలో చెప్పండి, వింటాను అంటాడు. పెద్దలు చెప్పారు. విధితో పోరాడలేము కదా అని అతను ఒప్పుకున్నాడు. ఆ ఒప్పుకోలు ఎవరి ముందు జరిగిందో చూడండి. తప్పు చేశాను, ఆ పిల్ల అన్నది నిజం అన్న మాట అక్కడ లేదు. విధి బలమైనది, నేను లొంగుతున్నాను అన్నదే ఉంది. గొడ్డళ్ళు పట్టుకుని పదండని పరివారాన్ని పురమాయించి, నేనే బంధించాను, నేనే విడిపిస్తాను అని కూడా అన్నాడు. ఆ మాట చెప్పిన మనిషి గుహకు కాకుండా శవం దగ్గరికి వెళ్ళాడు. గుహ తలుపు రాళ్ళు తొలగించగలిగిన పరివారం వెంట ఉన్నా, ముందుగా జరిగింది చితి పని.

ఎందుకు? క్రియోన్ పక్షాన చెప్పగలిగినవి ఉన్నాయి, అవి బలహీనమైనవి కావు. మైల నగరం మొత్తానిది, పాలకుడిగా అతని మొదటి బాధ్యత నగరం. ప్రవక్త మాటల్లో ఎక్కువ భాగం శవం గురించే. శవం విషయంలో అపరాధం దేవతల పట్ల, గుహ విషయంలో అపరాధం ఒక మనిషి పట్ల, కాబట్టి ముందు దేవతలను శాంతింపజేయడం భక్తుడి పని అని ఎవరైనా అనవచ్చు. ఆంటిగొనీ ఏ క్షణాన ఉరి వేసుకుందో నాటకం చెప్పదు కాబట్టి, ముందు వెళ్ళినా ఆమె బతికేదన్న హామీ లేదని కూడా అనవచ్చు. ఇవన్నీ ఒప్పుకుంటాను. కానీ క్రియోన్ వెళ్ళేసరికి హేమోన్ బతికే ఉన్నాడు. శవం ఎక్కడికీ పోదు, ఇంకో గంట ఆగితే దానికి కొత్తగా జరిగే హాని లేదు. గాలి ఆడని చీకట్లో బతికి ఉన్న మనిషికి మాత్రం గంట గంటే. ఈ లెక్క అర్థం కావడానికి ప్రవక్త అక్కరలేదు, ఇంట్లో జబ్బుమనిషి ఉన్న ఎవరికైనా తెలుసు. క్రియోన్‌కు అది తెలియక కాదని నేను అనుకుంటున్నాను. శవం ముందు వంగడానికి అభిమానం చంపుకోవలసిన పని లేదు. శవం ఎదురుచెప్పదు, కళ్ళలోకి చూడదు. గుహ తెరిస్తే లోపల ఉన్న పద్ధెనిమిదో ఇరవయ్యో ఏళ్ళ పిల్ల ముఖంలోకి చూసి, నీ మాటే సరైనది, నేను తప్పు అని చెప్పవలసి వస్తుంది. ఆ ఘడియను అతను తెలిసో తెలియకో వెనక్కి జరుపుకున్నాడు.

ఇది ఊహ కదా అని అడిగేవారికి నా అనుభవం చెబుతాను. నేను ఒక కళాశాలలో పరీక్షల బాధ్యత చూసేవాడిని. ఒక విద్యార్థి బల్ల కింద చీటీ దొరికిందని, అతను ఎంత మొత్తుకున్నా వినకుండా, కాపీ కేసు రాసి బయటికి పంపాను. నియమం అందరికీ ఒకటే అని ఆ రోజు నేనన్న మాట నాకు ఇంకా గుర్తుంది. మర్నాడు ఉదయం ఆ చీటీ అంతకు ముందు పూట అదే బల్ల మీద రాసిన ఇంకొకరిదని తేలింది. నేను నిజాయితీగానే నా తప్పు దిద్దుకున్నాను. ప్రిన్సిపాల్‌కు ఉత్తరం రాశాను, రిజిస్టరులో ఆ పేరు కొట్టేసి పక్కన కారణం రాసి సంతకం పెట్టాను, పై అధికారులకు పంపవలసిన కాగితం తయారు చేయించాను. ఇవన్నీ అయ్యేసరికి సాయంత్రమైంది. అప్పుడు హాస్టలుకు వెళ్ళాను. గదిలో ట్రంకు పెట్టె లేదు. అతను మధ్యాహ్నం బస్సుకు ఊరికి వెళ్ళిపోయాడు. మిగిలిన రెండు పరీక్షలు రాయలేదు, ఏడాది పోయింది. కాగితాల పని తరువాత చేసినా ఏమీ మునిగేది కాదు, హాస్టలు నా గదికి అయిదు నిమిషాల దూరం. రిజిస్టరు ముందు తప్పు ఒప్పుకోవడం నాకు అంత కష్టం కాలేదు. ఆ కుర్రవాడి ముందు ఒప్పుకోవడం కష్టమైంది, అందుకే అది సాయంత్రానికి జరిగింది. ఆ తరువాత ఎప్పుడో వార్తాహరుడి ప్రసంగం మళ్ళీ చదువుతూ, ముందు శవం, తరువాత గుహ అన్న చోటికి వచ్చి పుస్తకం పక్కన పెట్టేశాను.

దేవతలు ఎవరిని నాశనం చేయదలుచుకుంటారో వారికి చెడు మంచిగా కనిపిస్తుందని బృందం ఒక పాటలో అంటుంది. వినాశకాలే విపరీతబుద్ధి అని మనవాళ్ళు అనే మాటకు అది చాలా దగ్గర. కానీ ఈ వివరణతో సరిపెట్టుకోవడం నాకు ఇష్టం లేదు, ఎందుకంటే అది క్రియోన్ చేసుకున్న ఎంపికను అతని చేతిలోంచి తీసేస్తుంది. దారి రెండుగా చీలిన చోట అతని బుద్ధి బాగానే ఉంది. దేవుడి వైపు దారి తేలికైనది కాబట్టి అటు నడిచాడు.

గుహ దగ్గర ఏం జరిగిందో వార్తాహరుడి నోటే వినాలి. దూరం నుంచి ఏడుపు వినిపిస్తుంది. క్రియోన్ అది తన కొడుకు గొంతులా ఉందంటాడు. నేనే బంధించాను, నేనే విడిపిస్తాను అన్న మనిషి, సమాధి ముంగిట నిలబడి, మీరు పరుగెత్తి వెళ్ళండి, రాళ్ళు లాగేసిన ఆ సందులోంచి దూరి లోపల ఉన్నది హేమోనా, లేక దేవతలు నన్ను మోసం చేస్తున్నారా చూడండి అని పనివాళ్ళను పంపుతాడు. రాళ్ళు లాగేసిన సందు! అంటే హేమోన్ అప్పటికే వచ్చాడు. అతని వెంట పరివారం లేదు, గొడ్డళ్ళ సంగతి ఎవరూ చెప్పలేదు. అతను ఏ శవం దగ్గరా ఆగలేదు, ఏ దేవతకూ మొక్కలేదు, నేరుగా ఆమె దగ్గరికి వెళ్ళి రాళ్ళు పీకి లోపలికి దూరాడు. లోపల ఆంటిగొనీ తన సన్నని నారబట్టతోనే ఉరి పోసుకుని వేలాడుతోంది, హేమోన్ ఆమె నడుము చుట్టూ చేతులు వేసి పడి ఉన్నాడు.

అప్పుడు క్రియోన్ లోపలికి వస్తాడు. బయటికి రా నాయనా, నీకు శరణార్థినై వేడుకుంటున్నాను అంటాడు. నాటకం మొత్తంలో అతను నిజంగా అభిమానం చంపుకున్న చోటు ఇదే. దేవతకు కాదు, విధికి కాదు, ఈ వయసులో వీడి దగ్గర బుద్ధి నేర్చుకోవాలా అని తాను అడిగిన ఆ చిన్నవాడికే చేతులు జోడించాడు. కొడుకు ఒక్క మాట మాట్లాడడు. తండ్రి ముఖం మీద ఉమ్మేసి, కత్తి దూస్తాడు. తండ్రి తప్పించుకుంటాడు, గురి తప్పుతుంది. అదే కత్తిని తన పక్కటెముకల్లోకి దించుకుని, ప్రాణం పోతుండగా ఆమెను కౌగిలించుకుంటాడు. ఈ ఘట్టంలోని క్రియోన్‌ను చూసి నేను ఏడ్చాను, ఇప్పటికీ అతని మీద కోపం నిలుపుకోలేను. వినయం ఎంత నిజమైనదైనా దాన్ని అందుకోవడానికి ఎదుట ఒక మనిషి మిగిలి ఉండాలి కదా.

తరువాతిది వేగంగా జరిగిపోతుంది. వార్త విన్న రాణి యూరిడిసీ ఒక్క మాట లేకుండా లోపలికి వెళ్ళిపోయి, ఇంటి బలిపీఠం దగ్గర కత్తితో పొడుచుకుని, కొడుకును చంపినవాడా అని భర్తను శపించి చనిపోతుంది. కొడుకును మోసుకుంటూ తిరిగి వచ్చిన క్రియోన్‌తో, అయ్యో, న్యాయాన్ని ఇంత ఆలస్యంగా చూసినట్టున్నావు అని పెద్దలు అంటారు. నేర్చుకున్నాను అని అతను అంటాడు. ఆ మాటను వినయం అనడానికి నాకు మనసొప్పదు. నన్ను తీసుకుపొండి, నేను ఎవరినీ కానివాడికంటే కూడా తక్కువ అని అతను అంటున్నప్పుడు, అక్కడ వంగడానికి కూడా ఎవరూ మిగలలేదు. వంగినవాడు మళ్ళీ లేచి నిలబడి పక్కవాడికి చేయి అందిస్తాడు. చితికినవాడికి ఆ శక్తి ఉండదు. నాటకం చివరి పంక్తుల్లో, గర్విష్ఠుల పెద్ద మాటలు పెద్ద దెబ్బలతో చెల్లించుకుని ముసలితనంలో వివేకం నేర్పుతాయని బృందం పాడుతుంది. కానీ వాళ్ళు ఆ మాట పాడుతున్నప్పుడు ఇద్దరి శవాలు రంగం మీద ఉన్నాయి, మూడోది ఊరి బయట గుహలో ఉంది. ఆ మూడో శవాన్ని ఎవరు దించారో, దానికి మట్టి ఎవరిచ్చారో వార్తాహరుడు చెప్పలేదు. క్రియోన్ తన చివరి మాటల్లో కొడుకును తలచుకున్నాడు, భార్యను తలచుకున్నాడు. ఆంటిగొనీ పేరు ఎత్తలేదు.